మూర్ఛరోగము - మన సహకార సంఘముల కర్తవ్యము

ఈ పత్రికలో మేము సాధారణముగా విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, ఋణముల వాయిదాలను గూర్చియు వ్రాయుచుందుము. ఈ మాసమున వానిని ప్రక్కనుంచి యొక రోగమును గూర్చి వ్రాయ బూనితిమి. కర్షకుల పత్రికకు వైద్యవిషయముతో నేమి పని యని కొందఱు చదువరులు శంకింపవచ్చును. ఒక సంఘపు పాలకవర్గమునకు చేరిన యొక యర్జీయే మమ్ము ఈ పనికి పురికొల్పినది. ఆ యర్జీకి కారణమైన వృత్తాంతమును ముందు చెప్పి, తరువాత మా యభిప్రాయమును మనవి చేసికొందుము.

గడచిన ఖరీఫులో యూరియా పంచుచున్న దినమున ఆ సంఘపు గోదాము ముంగిట సుమారు వందమంది రైతులు వరుసలో నిలిచియుండిరి. కాటాయొద్ద పనిచేయు యువకుడు తూకపు చీటి వ్రాయుచు వ్రాయుచునే కలము జారవిడిచి, ఒక కేక వేసి, నేలపై పడిపోయెను. కాలుసేతులు కొట్టుకొనసాగెను, కన్నులు పైకి తేలెను, నోట నురుగు వచ్చెను. ఒకరు పరుగున వచ్చి తాళపుచెవుల గుత్తిని అతని పిడికిట నుంచిరి. మఱియొకరు తోలుచెప్పు విడిచి ముక్కునొద్ద పట్టిరి. వేఱొక పెద్దమనిషి నాలుక తెగునేమో యను భయముచే చెంచాకాడను పండ్లసందున జొనిపెను. ఇద్దఱు కాళ్లమీద కూర్చుండిరి. చెంచావలన ముందుపన్ను విఱిగినది. మూర్ఛ మాత్రము తాళపుచెవులకు గాని చెప్పునకు గాని లొంగక, తనంత తానే రెండుమూడు నిమిషములకు శమించినది. అతడు కన్నులు తెఱచునప్పటికి నోట నెత్తురు కాఱుచుండెను, బట్టలు తడిసియుండెను, ఊరిలోని సగముమంది తన్నే చూచుచుండిరి. మేమును అచ్చటనే యుంటిమి. చేయవలసిన దేదో నాడు మాకును తెలియదని యొప్పుకొనుట న్యాయము.

పదిదినములు గడచినపిమ్మట కొందఱు సభ్యులు సంతకములు చేసి పాలకవర్గమునకు అర్జీ యిచ్చిరి. ఇట్టి రోగము గలవానిని కాటాయొద్ద నుంచుట సంఘమునకు శుభము కాదనియు, అతడు ముట్టిన బస్తాలను ఇంటిలోనికి తెచ్చుకొనుటకు స్త్రీలు జంకుచున్నారనియు, అతనికి మాఱుగ మఱియొకని నియమింపవలయుననియు అందు వ్రాసిరి. సంతకములు చేసినవారు దుర్మార్గులు కారు. వారిలో ఇద్దఱు, ముగ్గురు మాకు ఆప్తులు; వరదవచ్చిన యేడు తమ గడ్డివాములను ఊరివారికి పంచినవారు. మంచివారిచేత ఇట్టి వ్రాత వ్రాయించునది అజ్ఞానమేగాని దౌష్ట్యము కాదని మా నమ్మకము. ఆ నెలలోనే ఆ యువకుని చెల్లెలికి కుదిరిన సంబంధము తప్పిపోయినది. అడిగినవారికి మగపెండ్లివారు కట్నపు తగవని చెప్పిరి. నిజమైన కారణ మేదో ఊరంతయు ఎఱుగును.

మూర్ఛ యనియు, అపస్మారమనియు, సొమ్మ యనియు, నేటివారి నోట ఫిట్స్ అనియు పిలువబడు ఈ వ్యాధి మెదడునకు సంబంధించినది. మెదడులోని కోట్లకొలది నాడీకణములు అతిస్వల్పమైన విద్యుత్తుచే ఒకదానికొకటి వార్తలు పంపుకొనుచుండును. ఏదో యొక కారణమున కొన్ని కణములు అదుపుతప్పి ఒక్కుమ్మడిగ విద్యుత్తును వెడలగ్రక్కినయెడల, ఆ భాగముచే నడుపబడు అవయవములు మనిషి స్వాధీనమున నుండవు. బావిమీది మోటారునకు ఉన్నట్టుండి హెచ్చు వోల్టేజి వచ్చినపుడు అది వణకి, రొదచేసి, ఆగిపోవుట మన మెఱుగుదుము. మోటారునకు దయ్యము పట్టినదని యెవ్వరును అనరు, మెకానిక్కును పిలువుమందురు. మనిషి మెదడు విషయమున మాత్రము ఆ మాట మనకు తోపకపోవుట వింత.

ఇది అందఱకును ఒకే విధమున రాదు. కొందఱు పడి కొట్టుకొందురు. కొందఱకు ఒక చేయి గాని ముఖములో నొక ప్రక్క గాని మాత్రమే అదరును. కొందఱు, ముఖ్యముగా పిల్లలు, కొన్ని క్షణములపాటు చూపు నిలిపి, పిలిచినను పలుకక, మరల నేమియు జరుగనట్లే ఆటలో పడుదురు. ఇట్టి పిల్లవానిని బడిలో పరధ్యానియని బెంచీ యెక్కించుట కలదు. అతనికి వలసినది వైద్యుడుగాని బెత్తము కాదు. ఒక్కమాఱు మూర్ఛ వచ్చినంతమాత్రమున ఎవనినైనను అపస్మారరోగి యనుటయు తగదు. చంటిబిడ్డలకు తీవ్రజ్వరములో వచ్చు మూర్ఛలు చాలవఱకు వయస్సుతోపాటు పోవును. ఏ తక్షణ కారణమును లేకయే 24 గంటలకు మించిన యెడముతో రెండు పర్యాయములు వచ్చినపుడు వైద్యులు సాధారణముగ దీనిని అపస్మారమని నిర్ణయింతురు.

ఇది క్రొత్తరోగము కాదు. చరకసంహితలో అపస్మారమునకు ప్రత్యేకాధ్యాయములే కలవు. చిదంబర నటరాజమూర్తి పాదముక్రింద అణగియున్న మరుగుజ్జు పేరును అపస్మారుడే. గ్రీసుదేశమున హిపోక్రటీసు పేరిట నిలిచిన గ్రంథమొకటి, ఇది దేవతల కోపము కాదు, మెదడులో బుట్టిన వ్యాధియే యని క్రీస్తునకు పూర్వము సుమారు 400 నాటికే చెప్పినది. 1857లో బ్రోమైడును, 1912లో ఫినోబార్బిటోనును, 1938లో ఫెనిటాయినును మందులుగా వెలుగులోనికి వచ్చినవి. 1929లో హాన్స్ బెర్గరు అను జర్మను వైద్యుడు తలపై తీగలమర్చి మెదడు విద్యుత్తును కాగితముమీద గీయించిన తన ప్రయోగములను ప్రకటించెను. అనగా మన తాతలనాటికే దీనికి మందు కలదు. మన యూళ్లలో నేటికిని తాళపుచెవులే మందుగా నుండుటకు శాస్త్రము లేమి కారణము కాదు.

ప్రపంచమున సుమారు 5 కోట్లమంది ఈ వ్యాధి కలవారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. వారిలో నూటికి 80 మంది వఱకు మనవంటి బీద, మధ్యతరగతి దేశములవారే. సరియైన నిర్ణయమును చికిత్సయును జరిగినయెడల నూటికి 70 మంది వఱకు మూర్ఛలు లేకుండ జీవింపవచ్చునని ఆ సంస్థయే చెప్పుచున్నది. ఈ రెండు లెక్కలను ఒకదానిప్రక్క నొకటి పెట్టి చూచినచో మనకు సిగ్గు కలుగక మానదు. మందు ఖరీదు ఎక్కువా యనిన, అదియును కాదు. కర్ణాటకములోని యెళందూరు ప్రాంతమున డాక్టరు కె. ఎస్. మణిగారును వారి సహచరులును 1990 తరువాతి యేండ్లలో పల్లెపల్లె తిరిగి రోగులను గుర్తించి, ఫినోబార్బిటోను, ఫెనిటాయిను అను పాత, చౌక మాత్రలతోనే చికిత్స నడపిరి. ఆ ఫలితములు 2001లో లాన్సెట్ అను వైద్యపత్రికలో వెలువడినవి. పెద్ద ఆసుపత్రి లేని పల్లెలలో, అగ్గువ మాత్రలతో, చాలమందికి మూర్ఛలు కట్టుబడినవి. మూర్ఛలు అనేకపర్యాయములు రాకముందే చికిత్స మొదలిడినవారికి గుణము హెచ్చుగ కనబడినది. ఆలసించినకొలది నష్టమే యని దీని యర్థము. పైరుకు తెగులు తగిలినపుడు ఎన్ని దినములు చూచి మందు కొట్టవలయునో రైతునకు మేము చెప్పవలసిన పనిలేదు.

మన యూళ్లలో ఆలస్యమునకు కారణములు తెలిసినవే. మొదట మంత్రగాని కడకు పోవుదురు, తరువాత తాయెత్తు, ఆపైన ఆకుపసరు. కొన్నిచోట్ల పసిబిడ్డల పొట్టమీదను నుదుటిమీదను కాల్చిన కడ్డీతో వాతలు పెట్టుదురు. ఆ వాతల మచ్చలు పెద్దవారైనపిమ్మటను ఒంటిమీద నుండుటను మేము కన్నులార చూచితిమి. మూర్ఛ మాత్రము వాతకు లోబడలేదు. దేవుని మ్రొక్కవలదని మేము చెప్పుటలేదు. మ్రొక్కువారు మ్రొక్కుదురు గాక. దర్గాకు పోవువారు పోవుదురు గాక. మాత్ర మాత్రము వేళకు మ్రింగవలయును. ఉపవాసదినమున మాత్రయును మానుట, జాతరకు పోవుచు మాత్రలపట్టీ ఇంట మఱచుట, రెండునెలలు మూర్ఛ రాలేదు గదా యని తామే మందు నిలుపుట, ఈ మూడింటివలన తిరుగబెట్టిన రోగములు అనేకము. మందు ఒక్కుమ్మడిగ మానినయెడల ఎడతెగని మూర్ఛ వచ్చి ప్రాణాపాయము కలుగుట కలదు. కొన్ని సంవత్సరములు మూర్ఛలు లేకున్నచో మందు తగ్గించుటయు, మాన్పించుటయు సాధ్యమే. అది వైద్యుని నిర్ణయము, క్రమక్రమముగ జరుగవలసిన పని.

ఈ రోగము ఏల వచ్చును? అనేకులలో కారణము తెలియరాదు. ప్రసవవేళ బిడ్డకు ప్రాణవాయువు అందకపోవుట, తలకు బలమైన దెబ్బ, మెదడువాపు జ్వరము, పక్షవాతము మొదలగునవి తెలిసిన కారణములు. కాన్పు ఆసుపత్రిలో జరుగుటయు, మోటారుసైకిలుపై శిరస్త్రాణము ధరించుటయు ఈ రోగమును కొంత నివారించునని దీనినిబట్టి తేలుచున్నది. పురుగుమందులు కొట్టునపుడు విషము శరీరములో జొచ్చినను మూర్ఛ వచ్చును. అది అపస్మారరోగము కాదు, విషప్రభావము. ఆలసింపక ఆసుపత్రికి చేర్చి, ఏ మందు కొట్టిరో ఆ డబ్బాను వైద్యునికి చూపవలయును. సుప్రీముకోర్టు 2011లో నిషేధించిన ఎండోసల్ఫాను అట్టి విషములలో నొకటి.

ఇక కారణములలో నొకటి ప్రత్యేకముగా మన కర్షకులకు సంబంధించినది. దీనిని కొంత వివరముగ చెప్పెదము, చదువరులు ఓపికతో చదువ గోరుచున్నాము. పందిమాంసమునుండి మనుష్యుని ప్రేగులలో చేరు బద్దెపురుగు అను నట్ట యొకటి కలదు. ఆ పురుగు గలవాని మలములో దాని గ్రుడ్లు వేలకొలది వెడలును. ఆరుబైట విసర్జించిన ఆ మలమును పందులు తినును. వాని మాంసములో పిల్లపురుగులు బొబ్బలుగా నిలుచును. సరిగ ఉడుకని ఆ మాంసమును తిన్నవానికి మరల పురుగు పట్టును. ఇంతవఱకు ఇది ప్రేగుల వ్యవహారమే. అసలు కీడు వేఱుగ నున్నది. ఆ గ్రుడ్లు వాననీటితో పొలములోనికి కొట్టుకొనిపోయి, కొత్తిమీరకు, పుదీనకు, ఆకుకూరలకు, ముల్లంగికి అంటుకొనును. కడుగని చేతులతోను, కడుగని పచ్చికూరలతోను, మురికినీటితోను అవి ఎవరి నోటబడినను కడుపులో పగిలి, పిల్లపురుగులు నెత్తురువెంట మెదడునకు పోయి బొబ్బలు కట్టును. ఆ బొబ్బలే మూర్ఛకు కారణ మగును. మెదడులో పురుగుబొబ్బ వచ్చుటకు పందిమాంసము తినియుండ నవసరము లేదు. జన్మతః శాకాహారియైనవానికిని ఇది వచ్చును. కొత్తిమీర పచ్చడి తిన్న చాలును. ఈ రోగము స్థిరపడిన ప్రాంతములలో మూర్ఛరోగులలో నూటికి 30 మందికి దాక ఇదియే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ యంచనా.

కాబట్టి గట్టుమీద కూర్చుండు అలవాటు మన పొరుగువాని మెదడునకే ముప్పు తెచ్చుచున్నది. మరుగుదొడ్లు కట్టుకొనుడని ప్రభుత్వము ఎన్నిమార్లు చెప్పినను, కట్టినదానిలో పిడకలు నిలువచేయువా రింకను కలరు. మనము పండించిన కూర పట్టణమునకు పోవును; మన పేరు తెలియని బిడ్డ తినును. మురుగునీటితో ఆకుకూరలు పెంచుట, పచ్చి మలపుటెరువు మళ్లలో వేయుట, ఊరపందులను కూరమళ్లలోనికి విడుచుట మానవలయునని మేము నిర్మొగమాటముగ వ్రాయుచున్నాము. పందులను పెంచువారిపై నెపము వేయుట మా యుద్దేశము కాదు. పందికి పురుగు మనుష్యునివలననే వచ్చినది. పందులను దొడ్డిలో కట్టి మేపినను, మాంసమును బాగుగ ఉడికించినను, మరుగుదొడ్డి వాడినను ఆ గొలుసు తెగును.

రోగము గలవాడు వ్యవసాయము చేయవచ్చునా యని కొందఱడుగుదురు. నిస్సంశయముగ చేయవచ్చును, కొన్ని జాగ్రత్తలతో చేయవలయును. మూర్ఛలు కట్టుబడువఱకు ఒంటరిగ బావిలో దిగరాదు. చెఱువులోను కాలువలోను ఒంటరిగ స్నానము చేయరాదు. తాటిచెట్టు ఎక్కరాదు. నూర్పిడియంత్రమునకు పనలందించుట, గడ్డికోతయంత్రము నడపుట, వెల్లుచున్న పొయ్యియొద్ద ఒంటరిగ నుండుట తగదు. ట్రాక్టరు సంగతి వేఱుగ చెప్పవలయును. వాహనపు లైసెన్సు కోరువాడు ఇయ్యవలసిన ఆరోగ్య ప్రకటనలో మూర్ఛ కలదా యను ప్రశ్న యున్నది. దానిని దాచి లైసెన్సు పొందుట తన ప్రాణమునకును ఎదుటివాని ప్రాణమునకును చేటు. నాటుట, కలుపుతీయుట, కోయుట, పశువుల మేపుట, లెక్కలు వ్రాయుట, అంగడి నడపుట మొదలగు పనులకు ఏ యాటంకమును లేదు.

ఇంకొక సంగతి వైద్యగ్రంథములలో నుండునుగాని మన యూళ్లలో ఎవ్వరును పట్టించుకొనరు. నిద్రలేమి మూర్ఛను రెచ్చగొట్టును. రాత్రివేళ కరెంటు వచ్చు దినములలో మడికి నీరు కట్టుటకై తెల్లవార్లు మేలుకొని, మఱునాడు ఎండలో పనిచేసిన రైతునకు ఈ రోగ మున్నయెడల మూర్ఛ వచ్చుట ఆశ్చర్యము కాదు. అట్టి యింట రాత్రివంతు అన్నదమ్ములలో మఱియొకరు తీసికొనుట మంచిది. అన్నదమ్ములు లేనివానికి పొరుగు పొలమువారు సాయపడవచ్చును. అతిగా త్రాగుటయు, త్రాగుడు ఒక్కుమ్మడిగ మానుటయు రెండును ప్రమాదకరములే.

ఎదుట మూర్ఛ వచ్చినపుడు చేయవలసినది అతిస్వల్పము. పండ్లసందున ఏమియు జొనుపరాదు. మనిషి తన నాలుకను తాను మ్రింగుట యెన్నడును లేదు. కాలుసేతులను అదిమి పట్టరాదు. ప్రక్కనున్న రాళ్లను, కొడవళ్లను తొలగించి, తలక్రింద మడచిన తువ్వాలు నుంచి, మెడచుట్టు బట్ట వదులుచేసి, కొట్టుకొనుట తగ్గగనే ఒక ప్రక్కకు ఒత్తిగిలజేసినయెడల నోటిలోని చొంగ బయటికి పోవును, ఊపిరి సాఫీగ నాడును. పూర్తిగ తెలివి వచ్చువఱకు నీరైనను పోయరాదు. గడియారము చూడవలయును. 5 నిమిషములకు మించి సాగినను, తెలివి రాకముందే మరల వచ్చినను, గర్భిణికి వచ్చినను, నీటిలో వచ్చినను, మొదటిసారి వచ్చినను 108 వాహనమును పిలువవలయును. ఉల్లిపాయ మాట యేమని మా కార్యాలయములో నొకరు ప్రశ్నించిరి. ఉల్లిపాయ కూరలోనికి ఉపయోగించును. తాళపుచెవులవలన మూర్ఛ తగ్గినదను నమ్మకము ఎట్లు పుట్టెననగా, మూర్ఛలు చాలవఱకు రెండుమూడు నిమిషములలో తమంత తామే తగ్గును. తాళపుచెవులు వెదకి తెచ్చుటకును సరిగ నంతకాలమే పట్టును.

మూర్ఛ వచ్చినవాని నురుగు తాకినను, అతనితో కలసి భుజించినను, అతడు ముట్టిన బస్తా మోసినను రోగము అంటదు. ఇది పిచ్చియు కాదు. రష్యాదేశపు మహారచయిత దొస్తొయెవ్‌స్కీ ఈ రోగముతోనే తన నవలలు వ్రాసెను. క్రికెట్టు ఆటలో బంతిని పట్టుటయందు లోకప్రసిద్ధుడైన దక్షిణాఫ్రికా క్రీడాకారుడు జాంటీ రోడ్సు తనకు ఈ రోగము కలదని బహిరంగముగనే చెప్పెను. 1992 ప్రపంచకప్పు పందెములో అతడు గాలిలో నెగిరి వికెట్లను పడగొట్టిన దృశ్యమును మన పిల్లలు నేటికిని చూచి మెచ్చుకొనుచున్నారు.

పెండ్లి విషయమున మన సమాజము చేయు అన్యాయము అన్నిటికంటె పెద్దది. ఆడపిల్లకు ఈ రోగమున్నయెడల తల్లిదండ్రులు ఆసుపత్రికి పోవుటకే జంకుదురు. ఎవరైన చూచిన సంబంధము పోవునని. రహస్యముగ మందు వాడి, రహస్యముగనే పెండ్లి చేయుదురు. అత్తవారింట మాత్ర మ్రింగిన తెలిసిపోవునని పిల్ల మందు మానును. మూర్ఛ తిరుగబెట్టును, పొయ్యియొద్దనో బావియొద్దనో పడును. లేదా గర్భముతో నున్నపుడు వచ్చి ఇద్దఱి ప్రాణములకును ముప్పు తెచ్చును. ఆపైన మోసమని పుట్టింటికి పంపుదురు. ఇట్టివి మేము ఎఱిగినవే రెండు కలవు; పేరులు వ్రాయుట మర్యాద కాదు.

హిందూ వివాహ చట్టములో 1976 సవరణచే మూర్ఛరోగమును వివాహమునకు ఆటంకముగ చేర్చిరి. ప్రత్యేక వివాహ చట్టములోను అట్లే యుండెను. 1999లో పార్లమెంటు ఆ మాటను తొలగించినది. నేడు మూర్ఛ యున్నంతమాత్రమున వివాహము చెల్లదనుటకు చట్టములో తావు లేదు. దాపఱికము మాత్రము తగవులకు దారితీయును. ముందే చెప్పి చేసిన పెండ్లిలో మాత్రలపట్టీని ఇంటిగోడ అలమారలో నందఱి యెదుట నుంచవచ్చును. ఈ రోగము గల స్త్రీలలో అత్యధికులకు ఆరోగ్యవంతులైన బిడ్డలే కలుగుదురు. గర్భమునకు ముందే వైద్యుని చూచిన మేలు. ఏలయనగా వాల్‌ప్రోయేటు అను మందు గర్భస్థశిశువునకు హాని చేయవచ్చును, దానికి బదులు వేఱు మందులు కలవు. తామే మానుట మాత్రము కూడదు. తల్లికో తండ్రికో ఉన్నయెడల బిడ్డకు తప్పక వచ్చునను మాటయు నిజము కాదు.

ఇప్పుడు అర్జీకి వత్తము. ఆ యువకుడు 4 సంవత్సరములుగ కాటాయొద్ద పనిచేయుచున్నాడు. తూకములో తేడా వచ్చినదని ఒక్క సభ్యుడును ఫిర్యాదు చేయలేదు. అతనికి లోగడ రెండుపర్యాయములు మూర్ఛ వచ్చినదనియు, పని పోవునను భయముచే ఎవ్వరికిని చెప్పక, చెప్పనందున మందును వాడక యుండెననియు ఇప్పుడు తేలినది. మనము వెలివేయుదుమను భయమే అతనిని వైద్యునికి దూరముచేసినది. వైద్యునికి దూరమైనందుననే మనయెదుట పడిపోయెను. ఇందు తప్పు అతనిదా, మనదా యని అర్జీదారులు ఒక్కక్షణము ఆలోచింతురు గాక.

మన సంఘములు ఎట్లు పుట్టెనో పెద్దలకు జ్ఞాపక ముండును. 1904 నాటి చట్టము క్రింద వెలసిన గ్రామీణ పరపతి సంఘములు అపరిమిత బాధ్యతపై నిలిచినవి. ఒకడు అప్పు తీర్చలేనియెడల తక్కినవారందఱు తమ ఆస్తులతో జవాబుదారులు. పొరుగువాని అప్పునకు పొలము ఒడ్డిన తాతల మనుమలము, పొరుగువాని రోగమునకు వెఱచి అతని కూడు తీయుదుమా? అర్జీ పెట్టినవారిలో ఒకరి తాత అట్టి సంఘమున కార్యదర్శిగ నుండెనని విన్నాము.

మేము పాలకవర్గమునకు మనవి చేయునది యిది. యువకుని కాటాయొద్దనే యుంచవలయును. మెట్లెక్కి బస్తాలదొంతి పేర్చు పని మాత్రము కొంతకాలము అతనికి చెప్పరాదు. నెలకొకదినము జిల్లా ఆసుపత్రికి పోయి మందు తెచ్చుకొనుటకు జీతము తగ్గింపక సెలవు నియ్యవలయును. ఋణపు దరఖాస్తులలోను, సభ్యత్వములోను, ఉద్యోగములలోను మూర్ఛరోగము కారణముగ నెవ్వరిని త్రోసిపుచ్చమని సర్వసభ్య సమావేశమున తీర్మానింపవలయును. ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని ఆ సమావేశమునకే పిలిచి, మూర్ఛ వచ్చినవానిని ప్రక్కకు ఒత్తిగిలజేయు విధమును పదిమంది యెదుట చేసి చూపింపవలయును. దీనికి పైసా ఖర్చు లేదు. ప్రతిసంవత్సరము నవంబరు 17వ తేదీని మన దేశమున జాతీయ మూర్ఛరోగ దినముగ జరుపుచున్నారు. సమావేశము ఆ వారములోనే పెట్టుకొనిన సౌకర్యము, అప్పటికి ఖరీఫు కోతల హడావుడియు కొంత తగ్గును.

పాలకవర్గము అర్జీని వచ్చు నెల సమావేశమునకు వాయిదా వేసినది. సంతకములు చేసినవారిలో ఇద్దఱు తమ సంతకములను విరమించుకొందుమని మాకు చెప్పిరి. తక్కినవారు ఇంకను ఆలోచించుచున్నారు. యువకుడు జిల్లా ఆసుపత్రిలో చూపించుకొని మాత్రలు వాడుచున్నాడు, మరల మూర్ఛ రాలేదు. విఱిగిన పన్ను అట్లేయున్నది. చెంచా జొనిపిన పెద్దమనిషియే దానిని కట్టించుటకు ఖర్చు పెట్టుకొందునని సంఘము ముంగిట పదిమందిలో చెప్పెను.